నలభై మంది టీచర్లు, మూడు రోజులు: ఐఎఫ్‌పీ ట్రైనింగ్‌లో ఏం నేర్పాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు ఎస్‌జీటీ, అంటే ప్రాథమిక తరగతుల టీచరు, సర్వీసు నాలుగేళ్లు. కంప్యూటర్ బాగా తెలుసని మండలంలో మిమ్మల్ని ఆర్‌పీగా, అంటే తోటి టీచర్లకు శిక్షణ ఇచ్చే రిసోర్స్ పర్సన్‌గా వేశారు. వచ్చే నెల నలభై మంది టీచర్లకు మూడు రోజుల పాటు ఐఎఫ్‌పీ (క్లాసులో బోర్డులా రాయగలిగే పెద్ద టచ్ ప్యానెల్), స్మార్ట్ టీవీ, ట్యాబ్, దీక్ష యాప్ (పాఠాల సామగ్రి ఉండే ప్రభుత్వ యాప్) వాడకం నేర్పాలి. వాళ్లలో సగం మంది మీకన్నా పాతికేళ్లు పెద్దవాళ్లు. "ఏం నేర్పితే ట్రైనింగ్ అయ్యాక కూడా వాడతారు?" అని అడిగారు.

సూటిగా చెప్తాను. ప్యానెల్ నేర్పకండి. వాళ్లు వచ్చే వారం చెప్పబోయే పాఠం ఒకటి తీసుకుని, అందులో ప్యానెల్ ఎక్కడ పనికొస్తుందో అక్కడికి మాత్రమే నేర్పండి. మూడో రోజు సాయంత్రానికి ప్రతి టీచరూ తన పాఠంలో పది నిమిషాల ముక్క, తన చేత్తో, తోటివాళ్ల ముందు చెప్పి ఇంటికెళ్లాలి. ఆ తర్వాత పదిహేను రోజుల్లోపు మీరో, మీ సీఆర్‌పీయో (క్లస్టర్ రిసోర్స్ పర్సన్) వాళ్ల బడికి ఒకసారి వెళ్లి రావాలి. ఈ రెండూ జరిగితే మిగతావి ఎన్ని తప్పినా ఫర్వాలేదు. ఇవి లేకపోతే ట్రైనింగ్ ఫొటోలకీ టీఏ బిల్లుకే పనికొస్తుంది.

నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ ఎస్‌ఏని (స్కూల్ అసిస్టెంట్), సర్వీసు ఇరవై ఆరేళ్లు. 2008 ప్రాంతంలో హైస్కూళ్లకి కంప్యూటర్ ల్యాబులు వచ్చినప్పుడు మొదటిసారి ఆర్‌పీగా వెళ్లాను. తర్వాత దీక్ష వచ్చింది, కరోనా కాలంలో ఆన్‌లైన్ ట్రైనింగులు వచ్చాయి, 2022 డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకీ టీచర్లకీ ట్యాబ్‌లు ఇచ్చారు, 2023లో ప్యానెళ్లు వచ్చాయి. అన్నింటికీ ట్రైనింగ్ ఇచ్చాను. ప్రతిసారీ ఏదో ఒక తప్పు చేశాను. కింద రాసేదంతా ఆ తప్పుల నుంచి నేర్చుకున్నదే.

ప్యానెళ్ల మీద నేనిచ్చిన మొదటి ట్రైనింగ్ సంగతి చెప్తాను. ఎనభైకి పైగా స్లైడ్లు తయారు చేసుకున్నాను. ఈ బటన్ ఏమిటి, ఈ పోర్టు ఏమిటి, వైట్‌బోర్డులో పెన్ను రంగు ఎలా మార్చాలి, అరచేత్తో ఎలా తుడవాలి, ఫోన్ స్క్రీన్ ప్యానెల్ మీదకి ఎలా తేవాలి, ఇలా రెండున్నర రోజులు. అందరూ బుద్ధిగా నోట్సు రాసుకున్నారు. మూడో రోజు మధ్యాహ్నం వెనక బెంచీలోంచి ఒక సోషల్ మాస్టారు లేచి, "అంతా బాగుంది మేడమ్. సోమవారం తొమ్మిదో తరగతికి నేను ఏం చెయ్యాలి?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

రెండు నెలల తర్వాత ఆ బళ్లలో ఒకదానికి వెళ్లాను. ప్యానెల్‌కి దుమ్ము పట్టకుండా పాత దుప్పటి కప్పారు. దుప్పటి తీస్తే అంచు మీద పసుపు, కుంకుమ, ఎండిన బంతిపూలు. దసరాకి ఆయుధపూజ చేశారు. యంత్రం మీద గౌరవం నిండుగా ఉంది, ఆన్ చేసే ధైర్యమే లేదు.

టీచర్ల భయం యంత్రం మీద కాదు. ఇది మీరు ముందు అర్థం చేసుకోవాలి, ఎందుకంటే మీ వయసు వాళ్లకి ఇది తట్టదు. యాభై నాలుగేళ్ల మేడమ్‌కి ఫోన్ రాదని మీరు అనుకుంటారు. ఆవిడ ఫోన్‌పేలో పాల డబ్బులు కడుతుంది, అమెరికాలో ఉన్న మనవరాలితో రోజూ వీడియో కాల్ మాట్లాడుతుంది, యూట్యూబ్‌లో ప్రవచనాలు వింటుంది. ఆవిడకి టెక్నాలజీ వచ్చు. ఆవిడ భయమల్లా నలభై మంది పిల్లల ముందు ప్యానెల్ మొరాయిస్తే తన పరువు ఏమవుతుందని. ముప్పై ఏళ్లుగా క్లాసులో తనకి తెలియనిది లేదన్నట్టు నిలబడ్డ మనిషి, ఎనిమిదో తరగతి కుర్రాడు "మేడమ్, అక్కడ కాదు, ఇక్కడ నొక్కాలి" అంటే తట్టుకోవడం కష్టం. దానికన్నా దుప్పటి కప్పి ఉంచడమే మర్యాద.

కాబట్టి ట్రైనింగ్‌లో ఎవరూ చూడని చోట తప్పులు చేసే సమయం ఇవ్వాలి. రోజూ మధ్యాహ్నం భోజనాల తర్వాత గంటన్నర ఏ ఉపన్యాసమూ పెట్టను. నలుగురు నలుగురుగా ఒక్కో గదిలో ప్యానెల్ దగ్గర వదిలేస్తాను. ఎంఈఓ గారు, హెచ్‌ఎంలు, ఫొటోలు తీసేవాళ్లు ఎవరూ ఆ గదుల్లోకి రాకూడదని ముందే చెప్పేస్తాను. కావాలని చెడగొట్టమంటాను కూడా: కేబుల్ పీకెయ్యండి, సౌండ్ తీసెయ్యండి, మధ్యలో ఆపెయ్యండి, మళ్లీ దారిలో పెట్టండి. రెండుసార్లు చెడగొట్టి బాగుచేసిన మనిషికి క్లాసులో చెడిపోతే చెయ్యి వణకదు.

చేతులు వెనక్కి కట్టుకుని నేర్పండి. మాటవరసకి అనడం లేదు, నిజంగానే కట్టుకోండి. తెలిసినవాడు చేసే పెద్ద తప్పు ఏమిటంటే, ఎదుటివాళ్లు తడుముకుంటుంటే ఓర్పు లేక "ఇలా ఇవ్వండి సార్" అని తనే నొక్కేస్తాడు. పని అయిపోతుంది, నేర్చుకోవడం ఆగిపోతుంది. ట్యాబ్, మౌస్, పెన్ను, ఏదైనా సరే నేర్చుకునేవాళ్ల చేతిలోనే ఉండాలి. మీరు నోటితోనే చెప్పాలి. చురుకైన కుర్ర టీచర్లని పెద్దవాళ్ల పక్కన జతగా కూర్చోబెడితే మంచిదని చాలామంది అంటారు. నేనూ అలాగే చేసి చూశాను. కుర్రవాళ్లు ట్యాబ్ లాక్కుంటారు, పెద్దవాళ్లు టీ తాగుతూ మెచ్చుకుంటారు. ఇప్పుడు వచ్చినవాళ్లని వయసుని బట్టి కాకుండా సబ్జెక్టుని బట్టి కూర్చోబెడుతున్నాను. లెక్కల వాళ్లు ఒకచోట, తెలుగు వాళ్లు ఒకచోట, ప్రాథమిక పాఠశాలల ఎస్‌జీటీలు వేరుగా. పాఠం గురించి మాటలు మొదలైతే వయసు తేడా అదే పోతుంది.

మీ వయసు గురించి బెంగపడ్డారు కదా, దానికి నాకు తెలిసిన ఉపాయం ఒకటే. పెద్దవాళ్లకి మీరు నేర్పడం మొదలుపెట్టకండి, ముందు వాళ్ల దగ్గర నేర్చుకోండి. "మాస్టారూ, ఈ పాఠం మీరు బోర్డు మీద ఎలా చెప్తారో ఒకసారి చూపించండి. ఎక్కడ పిల్లలకి అందడం లేదో చెప్పండి. అక్కడికి ఏది పనికొస్తుందో ఇద్దరం వెతుకుదాం" అనండి. ఇది నటన కాదు. పాఠంలో పిల్లలు ఎక్కడ తడబడతారో ముప్పై ఏళ్లు చెప్పిన ఆయనకే తెలుసు, మీకు తెలియదు. ఆయనకి పాఠం తెలుసు, మీకు సాధనం తెలుసు. ఆ రెండూ కలిసే చోటే అసలు పని జరుగుతుంది. 2006లో పుణ్య మిశ్రా, మాథ్యూ కోలర్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు దీన్నే ఒక చట్రంగా రాశారు, ఇప్పుడు దాన్ని టీప్యాక్ అంటారు. విషయ పరిజ్ఞానం, బోధన పరిజ్ఞానం, సాంకేతిక పరిజ్ఞానం మూడూ విడివిడిగా ఉంటే చాలదు, ఒకదానిలో ఒకటి కలవాలి అన్నది దాని సారం. టీచర్ల శిక్షణ కాలేజీ డైట్‌లో బొమ్మ గీసి చెప్పేది ఇదే. బొమ్మ గీయడం తేలిక, కలపడానికే పక్కన కూర్చోవాలి.

ఒక ఉదాహరణ. రిటైర్మెంట్‌కి మూడేళ్లున్న ఒక తెలుగు మాస్టారు నా ట్రైనింగ్‌కి వచ్చారు. మొదటి రోజే "నాకెందుకమ్మా ఇది, పద్యం చెప్పడానికి ప్యానెల్ ఎందుకు?" అన్నారు. మీ క్లాసులో ఏది కష్టమండీ అని అడిగాను. పిల్లలు పద్యం ఎక్కడ పడితే అక్కడ విరుస్తారు, శ, ష, స మూడూ ఒకేలా పలుకుతారు, ఎన్నిసార్లు చెప్పినా వాళ్ల తప్పు వాళ్లకి వినపడదు అన్నారు. ఫోన్‌లో వాయిస్ రికార్డర్ చూపించాను. అంతే, ఇంకేమీ లేదు. ఒక్కో పిల్లాడి చేత పద్యం చదివించి రికార్డు చేసి, వాడికే వినిపించారు. తన గొంతు తను విని పిల్లాడు మొదట సిగ్గుపడ్డాడు, తర్వాత "మళ్లీ చదువుతా సార్" అన్నాడు. ఆరు వారాలకి ఆ క్లాసులో పద్యాలు వింటే ముచ్చటేసింది. ఇన్నేళ్లలో నేను చూసిన వాడకాల్లో అదే గొప్పది. దానికి ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు.

ఇక మీరు "ఐఎఫ్‌పీలో ఏమేం ఫీచర్లు చెప్పాలి" అని కూడా అడిగారు. అయిదు చాలు: ఆన్, ఆఫ్ చెయ్యడం, బోర్డులా రాసి తుడవడం, పెన్‌డ్రైవ్‌లోంచి ఒక ఫైలు తెరవడం, వీడియోని కావలసిన చోట ఆపి, ఆ బొమ్మ మీదే రాయడం, సౌండ్ తగ్గించడం, పూర్తిగా తీసెయ్యడం. మిగతావి అవసరం పడ్డప్పుడు వాళ్లే అడుగుతారు.

చివరి రెండిటికీ కారణం చెప్పాలి. దొరికే వీడియోల్లో చాలావరకు ఇంగ్లిషులో ఉంటాయి, లేదా ఎవరో చదివినట్టు చెప్పే తెలుగులో ఉంటాయి. పుస్తకం ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లిషు. పిల్లలు ఇంట్లో మాట్లాడేది వాళ్ల యాస. వీడియో పెట్టి టీచరు పక్కన కుర్చీలో కూర్చుంటే పిల్లలకి బొమ్మలు కదిలినట్టు ఉంటుంది తప్ప పాఠం ఎక్కదు. సౌండ్ తీసేసి మీరే చెప్పండి. గుండె బొమ్మ కదులుతుంటే ఆపి, "ఇప్పుడు రక్తం ఎటు పోతుంది?" అని అడగండి. చేతులు లేచాక మళ్లీ నడపండి. మూడు నిమిషాల వీడియో ఇరవై నిమిషాల పాఠం అవుతుంది. ట్రైనింగ్‌లో ఈ ఒక్కటి చేయించి చూడండి, సగం మంది అక్కడే మారతారు.

లెక్కల్లో జియోజీబ్రా (తెర మీద బొమ్మలు గీసి కదిలించే సాఫ్ట్‌వేర్) కూడా ఇంతే. త్రిభుజం మూలని వేలితో లాగితే మూడు కోణాలూ మారుతుంటాయి, మొత్తం మాత్రం 180 దగ్గరే ఉంటుంది. ఇది చూపించేస్తే పిల్లలు "ఓహో" అంటారు, మర్నాటికి మర్చిపోతారు. లాగే ముందు ఆపి, "ఈ కోణం పెరిగితే మిగతా రెండూ ఏమవుతాయో నోట్సులో రాయండి" అంటే, తాము రాసింది తప్పో ఒప్పో చూడాలని మెడలు చాస్తారు. సైన్సులో ఫెట్ సిమ్యులేషన్లు ఉన్నాయి. కొలరాడో విశ్వవిద్యాలయంలో నోబెల్ బహుమతి పొందిన భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టినవి. ఉచితం, వాటిలో తెలుగులో ఉన్నవీ ఉన్నాయి, ముందే దించుకుని నెట్ లేకుండా వాడుకోవచ్చు. సర్క్యూట్లు, పదార్థ స్థితులు నేను ఎక్కువగా వాడతాను. అయితే ఒక మాట. బ్యాటరీ, బల్బు, రెండు వైర్లు చేతికిస్తే అయ్యే ప్రయోగాన్ని తెర మీద చేయించకండి. పిల్లాడి చేతిలో బల్బు వెలగాలి. తెర కావలసింది కంటికి కనపడని వాటికి: అణువులు ఎలా కదులుతాయి, వైరులో ఏం ప్రవహిస్తుంది, చంద్రగ్రహణం అంతరిక్షం నుంచి చూస్తే ఎలా ఉంటుంది. మా బళ్లో ఒక టీచరు మొక్కల భాగాలు ప్యానెల్‌లో చూపిస్తున్నారు, కిటికీ బయట ముద్దమందారం చెట్టు నిండా పూసి ఉంది!

యంత్రం పెట్టినంత మాత్రాన చదువు రాదని లోకం చాలాసార్లు చూసింది. పెరూ దేశంలో పేద పల్లె బడుల పిల్లలకి ల్యాప్‌టాప్‌లు పంచారు. తర్వాత పరీక్షించి చూస్తే లెక్కల్లో గానీ భాషలో గానీ చెప్పుకోదగ్గ మార్పు కనపడలేదు. గుజరాత్‌లో లీ లిండెన్ అనే ఆర్థికవేత్త చేసిన పరిశీలన నాకు ఇంకా ఆసక్తిగా అనిపిస్తుంది. ఒకే రకం కంప్యూటర్ పాఠాల్ని టీచరు చెప్పే గంటల్లో కోత పెట్టి వాడితే పిల్లలు వెనకబడ్డారు. అవే పాఠాల్ని బడి సమయానికి బయట, టీచరు చెప్పినదానికి తోడుగా వాడితే ముందుకెళ్లారు, అందులోనూ చదువులో వెనకబడ్డ పిల్లలు. సాఫ్ట్‌వేర్ అదే, తేడా టీచరు స్థానంలో ఉంది. మొదటి రోజు పావుగంట ఈ రెండు కథలూ చెప్పండి. "ఇది నా ఉద్యోగానికి ఎసరు పెడుతుందా?" అని మనసులో ఉన్నవాళ్లకి కాస్త ఊపిరి ఆడుతుంది.

మొదటి రోజు ఇంకో పని కూడా చెయ్యండి, ఇది ఎవరూ చెప్పరు. వాళ్ల కోపం వినండి. చాలామంది టీచర్లకి ఫోన్ అంటే పాఠం గుర్తుకు రాదు. హాజరు యాప్, మధ్యాహ్న భోజనం లెక్క, మరుగుదొడ్ల ఫొటోలు, సర్వర్ పనిచెయ్యక రాత్రి పదింటికి అప్‌లోడ్లు గుర్తుకొస్తాయి. "టెక్నాలజీ మీ పనిని తేలిక చేస్తుంది" అని మీరు మొదలుపెడితే నవ్వుతారు, మనసులో తిట్టుకుంటారు. పావుగంట మాట్లాడనివ్వండి. సమర్థించకండి, ఖండించకండి. చివర్లో "ఈ మూడు రోజులూ ఏ యాప్‌లోనూ ఏదీ అప్‌లోడ్ చెయ్యం, పాఠాల గురించే" అని మాట ఇచ్చి నిలబెట్టుకోండి.

ఆ వెంటనే వాళ్ల సొంత అవసరం ఒకటి తీర్చండి. నా అనుభవంలో అందరికీ ఉపయోగపడేది తెలుగు టైపింగ్. మన టీచర్ల దగ్గర పదిహేనేళ్ల ప్రశ్నపత్రాలు, వర్క్‌షీట్లు అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో పడి ఉంటాయి. డీటీపీ సెంటర్‌లో డబ్బులిచ్చి కొట్టించుకున్నవి. వాటిని ట్యాబ్‌లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. ఎందుకంటే అవి యూనికోడ్‌లో లేవు, ఇంగ్లిషు అక్షరాల స్థానంలో తెలుగు బొమ్మలు అతికించినట్టు ఉంటాయి. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో తప్ప అవి తెలుగుగా కనపడవు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చడం చూపించండి. వత్తులు అక్కడక్కడా చెదురుతాయి, చూసి దిద్దుకోవాలని కూడా చెప్పండి. ఫోన్‌లో నోటితో చెప్తే తెలుగులో టైపు అయ్యే సదుపాయం చూపించండి. ఒక హిందీ మేడమ్ తన గొంతుతో తెలుగు వాక్యం తెర మీద పడుతుంటే చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు. ఆ గంట తర్వాత మీరు ఏం చెప్పినా వింటారు.

మూడు రోజుల్ని నేనైతే ఇలా పంచుకుంటాను, మీరు మార్చుకోండి. మొదటి రోజు ఉదయం కోపాలు, రెండు కథలు, తెలుగు టైపింగ్. మధ్యాహ్నం అయిదు పనులు, చెడగొట్టి బాగుచెయ్యడం. రెండో రోజంతా పాఠం. ప్రతి ఒక్కరూ తన పుస్తకం తెచ్చుకోవాలి, వచ్చే వారం చెప్పాల్సిన పేజీ తెరవాలి. పిల్లలు ఎక్కడ ఆగిపోతారో పెన్సిల్‌తో గీత గీయాలి. ఆ గీత దగ్గరికి ఒక బొమ్మ, ఒక చిన్న వీడియో, ఒక సిమ్యులేషన్, లేదా ఏమీ వద్దు అనేది తేల్చుకోవాలి. ఏమీ వద్దు అనేది కూడా సరైన జవాబే, అలా తేల్చినవాళ్లని మెచ్చుకోండి. పుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లున్నాయి, దీక్షలో వాటి వెనక ఏముందో అప్పుడు వెతకమనండి. 2017 ఉపాధ్యాయ దినోత్సవం నాడు దీక్ష మొదలైంది. ఇన్నేళ్లయినా తమ పుస్తకంలో కోడ్ ఒక్కసారీ స్కాన్ చెయ్యనివాళ్లు ప్రతి ట్రైనింగ్‌లోనూ నాకు కనిపిస్తారు. కోడ్ వెనక ఉన్నదంతా బాగుంటుందని కాదు. ఏది వాడాలి, ఏది వదలాలి అని వాళ్లే తేల్చాలి. మూడో రోజు పది నిమిషాల పాఠాలు. నలభై మంది ఒకే గదిలో వీలుకాదు, సబ్జెక్టు గదుల్లో చెప్పుకోవాలి. వినేవాళ్లు పిల్లల్లా ప్రశ్నలడగాలి, మార్కులు వెయ్యకూడదు.

ఎస్‌జీటీల సంగతి వేరుగా చూడండి, మీకు చెప్పక్కర్లేదు. ఇద్దరు టీచర్లు, అయిదు తరగతులు ఉన్న బడిలో స్మార్ట్ టీవీ విలువ పాఠం చూపించడంలో లేదు. ఒక తరగతికి కథ వినిపిస్తూ, రెండో తరగతిని దగ్గర కూర్చోబెట్టుకుని చదివించుకునే వీలు ఇవ్వడంలో ఉంది. ఏ గ్రూపు ఎప్పుడు టీవీ దగ్గర ఉండాలి, చూశాక ఏం రాయాలి అన్న టైమ్‌టేబుల్ వాళ్ల చేత వేయించండి. చూశాక చేసే పని లేకపోతే అది సినిమా హాలే.

ఇంటర్నెట్ లేదనుకునే ప్లాన్ చెయ్యండి. ఒక వేసవి ట్రైనింగ్‌లో నలభై ఫోన్లూ ఒకే వైఫైకి తగిలించి అందరినీ ఒకేసారి యాప్ దించుకోమన్నాను. ఒక్కరికీ దిగలేదు. ఆ మధ్యాహ్నం కరెంటు కూడా పోయింది. మేం చెమటలు తుడుచుకుంటూ టెక్నాలజీ ప్రయోజనాల గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు కావలసినవన్నీ పెన్‌డ్రైవ్‌లలో పెట్టి తీసుకెళ్తాను. వాళ్లు కూడా పెన్‌డ్రైవ్‌తోనే ఇంటికెళ్తారు. మంచి వీడియో యూట్యూబ్‌లో ఉన్నా నేరుగా క్లాసులో నడపొద్దని చెప్పండి. మధ్యలో ప్రకటనలు వస్తాయి, అయిపోగానే దానంతట అదే ఇంకొకటి మొదలవుతుంది, అది ఏమిటో దేవుడికే తెలుసు.

ఫాలోఅప్ గురించి ఇందాక చెప్పాను, అదే అసలు కీలకం. బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ అనే అమెరికన్ పరిశోధకులు 1980లలోనే చెప్పారు: విని, చూసి, అక్కడే చేసి చూసినా కూడా టీచరు తన క్లాసులోకి వెళ్లాక కొత్త పద్ధతి వాడటం తక్కువే, పక్కన ఒకరు తోడుండి సలహా ఇస్తే తప్ప నిలవదు అని. మన దగ్గర ట్రైనింగ్‌కి బడ్జెట్ ఉంటుంది, తోడుకి ఉండదు. జాతీయ విద్యా విధానం 2020 ఏడాదికి 50 గంటల శిక్షణ ప్రతి టీచరుకీ ఉండాలంది. ఆ గంటలు నింపడానికి ఆన్‌లైన్ కోర్సుల్లో వీడియో నడుస్తుంటే పక్కన వంట చేసుకున్నవాళ్లని నేనెరుగుదును. ఒకసారి నేనే అలా చేశాను.

మీరు వెళ్లినప్పుడు ఇన్‌స్పెక్షన్‌లా వెళ్లకండి. రిజిస్టర్ అడగొద్దు, ఫొటో తీయొద్దు. వెనక బెంచీలో కూర్చోండి. ఆవిడ ఇబ్బంది పడితే లేచి బాగుచెయ్యకండి, ఆవిడ అడిగితేనే లేవండి. తర్వాత టీ తాగుతూ ఒకే ఒక్క విషయం చెప్పండి, అయిదు చెప్పకండి. నలభై బళ్లకి వెళ్లడం ఒక్కరివల్ల కాదు కాబట్టి నెలనెలా జరిగే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో పదిహేను నిమిషాలు అడగండి. నెలకొక టీచరు తన క్లాసులో చేసింది చూపించాలి, పనిచెయ్యనిది కూడా చూపించాలి. వాట్సాప్ గ్రూపు పెడితే రెండే నియమాలు: గుడ్ మార్నింగులు వద్దు, పిల్లల ముఖాలు కనిపించే ఫొటోలు వద్దు. రెండోది సరదాకి చెప్పడం లేదు. మన స్టేటస్‌లలో పరాయి పిల్లల ఫొటోలు పెట్టే హక్కు మనకి లేదు.

బయటి మనుషుల మీద ఆధారపడితే ఏమవుతుందో కూడా మేం చూశాం. కంప్యూటర్ ల్యాబులు వచ్చిన రోజుల్లో నేర్పడానికి కాంట్రాక్టు ఇన్‌స్ట్రక్టర్లు ఉండేవారు. మా టీచర్లు ఆ గది గుమ్మం తొక్కలేదు, అది వాళ్ల పని అనుకున్నారు. కాంట్రాక్టు అయిపోయింది, వాళ్లు వెళ్లిపోయారు, ల్యాబుకి తాళం పడింది. మా బళ్లో ఆ కీబోర్డుల్లో ఎలుకలు పిల్లలు పెట్టాయి. కేరళ వాళ్లు ఇంకో దారి పట్టారు. 2001లో మొదలైన ఐటీ ఎట్ స్కూల్‌లో బడి టీచర్లనే మాస్టర్ ట్రైనర్లుగా తయారు చేసుకున్నారు, ఉచిత సాఫ్ట్‌వేర్ వాడుకున్నారు. 2018లో లిటిల్ కైట్స్ పేరుతో హైస్కూళ్లలో పిల్లల ఐటీ క్లబ్బులు పెట్టారు. మేం దాన్ని చూసి మా బళ్లో తొమ్మిదో తరగతి పిల్లలు నలుగురికి ప్యానెళ్ల బాధ్యత ఇచ్చాం. పొద్దున్నే ఆన్ చేసి, పెన్‌డ్రైవ్ పెట్టి, సిద్ధంగా ఉంచుతారు. ఇద్దరు అమ్మాయిలు తప్పకుండా ఉండాలని పట్టుబట్టాను, లేకపోతే వైర్లన్నీ మగపిల్లల చేతిలోకే పోతాయి. పిల్లాడు క్లాసు మధ్యలో టీచరుని దిద్దితే పరువు సమస్య, అదే పిల్లాడికి ముందే బాధ్యత ఇస్తే సాయం. తేడా చిన్నదే, కానీ పెద్దవాళ్లకి అది చాలా ఊరట.

ఏఐ గురించి ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. వర్క్‌షీట్లకి, ఒకే లెక్కని పది రకాలుగా మార్చడానికి బాగానే ఉంటుంది. తెలుగు వ్యాకరణంలో మాత్రం నమ్మొద్దు. నేను సరదాకి "అతడెక్కడ" ఏ సంధి అని అడిగితే, ఉత్వసంధిని గుణసంధి అని గట్టిగా వాదించింది. ఈ ఉదాహరణనే చూపించి, ప్రతి జవాబూ మీరు చూశాకే పిల్లల దగ్గరికి వెళ్లాలని చెప్పి ముగించండి. మూడు రోజుల్లో దానికి అరగంట మించొద్దు.

ఇన్ని చేసినా అయిదారుగురు వాడరు. వాళ్లని వదిలెయ్యండి. అందులో కొందరు బోర్డు మీద సుద్దముక్కతో మీరూ నేనూ జన్మలో చెప్పలేనంత బాగా చెప్తారు. వాళ్ల క్లాసులకి మీరే వెళ్లి కూర్చోండి, వీలైతే అనుమతి అడిగి ఒక పాఠం రికార్డు చెయ్యండి. కొత్త టీచర్లకి అది ఏ వీడియోకన్నా విలువైనది. పాఠం చెప్పకుండా తప్పించుకోవడానికి "నాకు రాదు" అనేవాళ్లు వేరు. అది ట్రైనింగ్‌తో తీరే సమస్య కాదు, ఆర్‌పీగా మీ తల మీద వేసుకోకండి.

చివరగా ఒక చిన్న విషయం, కానీ నాకు ప్రతిసారీ సగం రోజు మింగేసింది: లాగిన్లు. పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్లు, పాత నంబరుకి ఓటీపీ వెళ్లేవాళ్లు, లాగిన్‌కి కావలసిన ట్రెజరీ ఐడీ (ఉద్యోగి నంబరు) గుర్తులేనివాళ్లు నలభైలో పదిహేను మంది ఉంటారు. ట్రైనింగ్‌కి పది రోజుల ముందే అందరికీ ఫోన్ చేసి ఎవరెవరివి పనిచెయ్యడం లేదో జాబితా రాసుకుని, మీ సీఆర్‌పీ, ఎంఆర్‌సీ (మండల రిసోర్స్ సెంటర్) వాళ్లతో సరిచేయించండి. ఎక్స్‌టెన్షన్ బాక్సులు నాలుగు, పెన్‌డ్రైవ్‌లు పన్నెండు, ఒక స్పీకర్ మీ సంచిలో పెట్టుకోండి, అక్కడ ఉంటాయని ఎవరు చెప్పినా నమ్మకండి. పెన్‌డ్రైవ్‌లలో ఏం పెట్టాలో మీ నలభై మంది సబ్జెక్టులు ఇక్కడ రాస్తే నా దగ్గరున్న జాబితా పెడతాను. లాగిన్ల పని మాత్రం రేపే మొదలుపెట్టండి.